స్కిల్ ల్యాబ్‌లో బాగా చేసే పిల్లలు వార్డులో ఎందుకు బిగుసుకుపోతున్నారు?

ప్రశ్న: ఫౌండేషన్స్ ట్యూటర్

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రైవేటు నర్సింగ్ కళాశాలలో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం వారికి నర్సింగ్ ఫౌండేషన్స్ బోధిస్తున్నాను. మా పిల్లల క్లినికల్ పోస్టింగ్స్ ఊళ్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో జరుగుతాయి. స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద ఇంజెక్షన్ చేయమన్నా, బీపీ చూడమన్నా ఒక్క మెట్టు కూడా తప్పకుండా, ఎందుకు చేస్తున్నారో కారణంతో సహా చెప్పగలిగిన విద్యార్థినులే, వార్డులో మంచం పక్కన నిలబడేసరికి నోరు పెగలక, చేతులు ఆడక నిలబడిపోతున్నారు.

ఈమధ్య జరిగిన ఒక సంగతి చెబుతాను. క్లాసులో ముందుండే ఒక అమ్మాయి ఒక పెద్దావిడకు బీపీ చూస్తోంది. బీపీ పట్టీని (కఫ్) రవిక చేతి మీదుగానే చుట్టింది. ల్యాబ్‌లో ఇంకెవరైనా అలా చుట్టి ఉంటే తానే సరిదిద్ది ఉండేది. గాలి కొట్టి, వదిలి, చార్టులో 120/80 అని రాసేసింది. నేను వెనుకనే ఉండి, కఫ్ విప్పి మళ్ళీ చూస్తే 160/100 వచ్చింది. వెంటనే స్టాఫ్ సిస్టర్‌కు చెప్పి, తరువాత ఆ అమ్మాయిని విడిగా పిలిచి అడిగితే, "ఏమీ వినబడలేదు మేడమ్, వినబడలేదంటే పేషెంట్ ముందే తిడతారేమోనని అలా రాసేశాను" అంది.

వీళ్లలో చాలామంది ఇంటర్ వరకూ తెలుగు మాధ్యమంలో చదివినవారు. కొందరు నీట్‌లో సీటు రాక, మనసు కుదుటపడకముందే ఇక్కడ చేరినవారు. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉండటం, పుండుకు కట్టు కట్టడం, మలమూత్రాలు ఎత్తడం, మనిషి చనిపోవడాన్ని దగ్గరగా చూడటం, ఇవన్నీ ఒకే ఏడాదిలో మీద పడుతున్నాయి.

యాజమాన్యం వారు ఒత్తిడి, భావోద్వేగ ప్రజ్ఞ, ఆత్మవిశ్వాసం అనే మూడు అంశాల మీద బయటి నుంచి ఒక ట్రైనర్‌ను పిలిపించి ఒక రోజు శిక్షణ ఇప్పిద్దామంటున్నారు. శిక్షణకు ముందు ఒకసారి, అదే సాయంత్రం ఇంకోసారి ప్రశ్నావళి నింపించి నివేదిక రాయమని నాకు అప్పగించారు. నాకు దాని మీద పెద్దగా నమ్మకం కుదరడం లేదు, కానీ వద్దని చెప్పడానికి నా దగ్గర ప్రత్యామ్నాయమూ లేదు. ఒక సెమిస్టర్‌లో, ఉన్న కొద్దిమంది ట్యూటర్లతోనే చేయగలిగినది ఏమైనా ఉంటే అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: మెడికల్ వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్

మేడమ్ గారూ, నమస్తే. మీ 120/80 సంగతి చదివితే నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. కొత్త బ్యాచ్ వైటల్స్ చూసిన రోజున మా వార్డు చార్టు తీస్తే ఈ చివరి మంచం నుంచి ఆ చివరి మంచం దాకా నాడి 72, శ్వాస 18, బీపీ 120/80 అని వరుసగా ఉంటుంది. ఆ చార్టు నమ్మితే అందరినీ ఆ మధ్యాహ్నమే డిశ్చార్జ్ చేసేయవచ్చు. శ్వాసను నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలని వాళ్లందరికీ తెలుసు. అయితే ఆ నిమిషంసేపు మంచం పక్కన మౌనంగా నిలబడితే పేషెంట్ తాలూకు వాళ్లు తమనే చూస్తుంటారన్న బెరుకుతో లెక్క మధ్యలోనే ఆపేస్తారు.

చేతులు వణికే పిల్ల ఉంటే నాకు దిగులు లేదు. ఆమె ఏదైనా చేసేముందు నా ముఖం చూస్తుంది, నేను వెళ్లి పక్కన నిలబడతాను. ఎవరినీ అడగకుండా చకచకా పని ముగించుకుపోయే పిల్లతోనే నాకు దిగులు. మీరు పెంచాలనుకుంటున్న ఆత్మవిశ్వాసం ఈ రెండో రకానిది కాకుండా చూసుకోండి.

వార్డు వైపు నుంచి ఒక మాట. మీ కళాశాలలు పంపే బ్యాచ్ ఎనిమిది మందో పది మందో వచ్చి ఒకే మంచం చుట్టూ మూగుతారు. పేషెంట్ మీద చెయ్యి వేసేది ఒక్కరు, మిగిలినవాళ్లు నోట్‌బుక్ పట్టుకుని చూస్తుంటారు. స్పిరిట్ దూది ఎక్కడుందో తెలిసేలోపే వారం ముగుస్తుంది, ఇంకో వార్డుకు మారిపోతారు. అందుకని మొదటి రోజు ఏ ప్రొసీజరూ చేయించకండి. డ్రెస్సింగ్ ట్రాలీ, ఎమర్జెన్సీ ట్రే, దుప్పట్ల బీరువా, ఆక్సిజన్ సిలిండర్ తాళం, చెత్త వేసే రంగు డబ్బాలు, ఇవన్నీ ఒక్కొక్కరి చేత తీయించి మళ్ళీ పెట్టించండి. పేషెంట్ వాంతి చేసుకుంటుంటే కిడ్నీ ట్రే కోసం వార్డంతా వెతికిన పిల్లకు, ఇక ఆ పూటంతా కాళ్లూ చేతులూ ఆడవు. దానికి మానసిక కారణాలు వెతకనక్కరలేదు.

రెండోది, ఒక్కొక్కరికి ఇద్దరు పేషెంట్లను అప్పగించి, వాళ్లు డిశ్చార్జ్ అయ్యేదాకా మార్చకండి. మొదటి పూట ఊరు, పేరు, రాత్రి నిద్ర పట్టిందా, పొద్దున ఏం తిన్నారు, ఇంతవరకే మాట్లాడమనండి. మర్నాడు ఆ పిల్ల గుమ్మంలో కనబడగానే పెద్దవాళ్లయితే "మా అమ్మాయి వచ్చింది" అంటారు. అలా అన్న మనిషి చెయ్యి చాచి సూది వేయించుకుంటుంది. పరిచయం లేని పిల్ల సూదితో దగ్గరికి వస్తే మాత్రం "నువ్వొద్దులే తల్లీ, పెద్ద సిస్టర్‌ను పిలువు" అంటుంది. ఆ మాటతో పోయిన ధైర్యం మీ శిక్షణ తరగతిలో తిరిగి రాదు.

మా తప్పు కూడా లేకపోలేదు. సిబ్బంది చాలక శాంపిల్స్ ల్యాబ్‌కు తీసుకువెళ్లడానికి, ఫైళ్లు తేవడానికి స్టూడెంట్లనే పంపుతాము. ఇన్‌ఛార్జ్‌తో ముందే మాట్లాడి, ఉదయం ఒక గంట మాత్రం వాళ్లను మంచాల దగ్గరి నుంచి కదిలించకూడదని ఒప్పించుకోండి. అడిగితే సాధారణంగా కాదనరు, కానీ అడిగేవాళ్లే తక్కువ.

జవాబు 2: మూడో ఏడు విద్యార్థి (బ్రదర్)

మేడమ్, విద్యార్థుల వైపు నుంచి నేను రెండు విషయాలు చెప్పాలనుకుంటున్నాను.

మొదటిది, మంచం పక్కన జరిగే వైవా, అంటే నోటి పరీక్ష. పేషెంట్ చూస్తుండగా మందు డోసు అడుగుతారు, మాకు ఇంగ్లీషులో జవాబు చప్పున తట్టదు, అక్కడే నాలుగు మాటలు పడతాయి. ఇంగ్లీషు రాని పేషెంట్‌కైనా మాకు ఏమీ తెలియదన్న సంగతి మాత్రం చక్కగా అర్థమవుతుంది. ఆ తరువాత ఆ వారమంతా మమ్మల్ని దగ్గరకు రానివ్వరు, చేయడానికి పని ఉండదు, పని లేదు కాబట్టి చేసిన పనులు రాసే లాగ్ బుక్ నిండదు, నిండలేదని మళ్ళీ అడుగుతారు. అదే ప్రశ్నను రౌండ్స్ అయ్యాక నర్సుల గదిలో అడిగితే సగం భయం ఉండదని నా అభిప్రాయం. తెలుగులో చెప్పనిచ్చి, తరువాత ఇంగ్లీషులో రాయించినా బాగుంటుంది.

రెండోది, చావు. రెండో ఏట నేను కేర్ ప్లాన్ (పేషెంట్ సంరక్షణ ప్రణాళిక) రాయడం కోసం తీసుకున్న ఒక తాతగారికి మూడు పూటలా ట్యూబ్ ఫీడింగ్ ఇచ్చేవాడిని. ఒక ఉదయం డ్యూటీకి వెళ్లేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నారు. "కేర్ ప్లాన్‌కు ఇంకో పేషెంట్‌ను తీసుకో" అని మాత్రమే చెప్పారు. ఎవరి మీదా ఫిర్యాదుగా రాయడం లేదు, వాళ్లకు ఆ రోజు ఎన్ని పనులున్నాయో నేనూ చూశాను. కానీ ఆ రోజు సాయంత్రం ఎవరైనా పది నిమిషాలు కూర్చోబెట్టి, ఆయన గురించి చెప్పమని అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మగపిల్లల గురించి ఎవరూ అడగరు కాబట్టి ఒక్క మాట. ప్రసూతి వార్డు పోస్టింగ్‌లో మమ్మల్ని తలుపు దగ్గరే ఆపేస్తారు, పరీక్షలో మాత్రం అందరితో సమానంగా అడుగుతారు. అక్కడ మాకు కావలసింది ధైర్యం కాదు, లోపలికి వెళ్లేముందు ఆ తల్లి అనుమతి అడిగి మమ్మల్ని పరిచయం చేసే ఒక సిస్టర్.

జవాబు 3: మెంటల్ హెల్త్ నర్సింగ్ లెక్చరర్

పై ఇద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ఇన్‌ఛార్జ్ సిస్టర్ గారు శిక్షణను పూర్తిగా పక్కన పెట్టినట్టు మాట్లాడారు, అక్కడ మాత్రం నాది భిన్నాభిప్రాయం.

భావోద్వేగ ప్రజ్ఞ అంటే ఎప్పుడూ నవ్వుతూ, కోపం తెచ్చుకోకుండా ఉండటం అని చాలా తరగతుల్లో చెబుతున్నారు. 1990లో మనస్తత్వవేత్తలు పీటర్ సాలోవే, జాన్ మేయర్ ఈ భావనను ప్రతిపాదించినప్పుడు దాన్ని ఒక సామర్థ్యంగానే చూశారు. తరువాత వారే దాన్ని నాలుగు భాగాలుగా వివరించారు: తనలోనూ ఎదుటివారిలోనూ ఏ భావం కదులుతోందో గుర్తించడం, ఆ భావాన్ని ఆలోచనకు ఉపయోగించుకోవడం, అది ఎందుకు పుట్టిందో, ఎటు మళ్లుతుందో అర్థం చేసుకోవడం, చివరకు దాన్ని నిభాయించుకోవడం. మన శిక్షణల్లో మొదటి మూడూ వదిలేసి నేరుగా నాలుగోదానికి వెళ్లిపోతారు, అది కూడా "లోపల ఎంత ఉన్నా బయటికి కనబడనివ్వకు" అనే అర్థంలో. అలా అణుచుకోవడం నేర్చుకున్న పిల్లే చార్టులో 120/80 రాస్తుంది.

గుర్తించడం నేర్పవచ్చు, అభ్యాసం చేయించవచ్చు. సెలైన్ బాటిల్ ఖాళీ అయింది, పేషెంట్ కొడుకు "ఇక్కడ మనుషులున్నారా లేరా" అని కేకలు వేస్తున్నాడనుకుందాం. కొత్త విద్యార్థిని ఏడుస్తుంది, లేకపోతే "నేను స్టూడెంట్‌ని, నాకు తెలియదు" అని తప్పుకుంటుంది. ఆ కేక వెనుక ఉన్నది, ఖాళీ బాటిల్ నుంచి నరంలోకి గాలి ఎక్కిపోతుందన్న భయం. అది కనిపెట్టగలిగిన అమ్మాయి "గాలి ఎక్కుతుందని కంగారు పడుతున్నారు కదండీ, క్లాంప్ మూస్తున్నాను చూడండి, సిస్టర్‌ను ఇప్పుడే పిలుస్తాను" అంటుంది. ఈ ఒక్క వాక్యాన్ని ఇద్దరిద్దరి చేత, ఒకరు కొడుకుగా ఒకరు నర్సుగా, స్కిల్ ల్యాబ్‌లోనే ఆడించండి. బయటి ట్రైనర్ అక్కరలేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021-22 నుంచి తెచ్చిన సెమిస్టర్ విధానంలో మొదటి సెమిస్టర్‌లోనే అప్లైడ్ సైకాలజీ ఉంది. ఆ పీరియడ్లలో కొన్నింటిని ఇందుకు వాడుకోండి.

ఆత్మవిశ్వాసం విషయానికి వస్తే, మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పిన మాట మన వృత్తికి బాగా అతుకుతుంది. ఫలానా పని నేను చేయగలను అనే నమ్మకానికి ఆయన నాలుగు ఆధారాలు చూపారు: స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, తనలాంటివారు చేస్తుంటే చూడటం, నమ్మదగినవారు చెప్పే మాట, తన శరీరం ఇచ్చే సూచనలు. వీటిలో మొదటిదే అన్నిటికన్నా బలమైనది. సిస్టర్ గారు చెప్పిన ఇద్దరు పేషెంట్ల పద్ధతి ఇక్కడికే వస్తుంది. రెండోదాన్ని మనం సరిగా వాడుకోవడం లేదు. ఒక్క పోటుతో నరం పట్టే సీనియర్ సిస్టర్‌ను చూస్తే మొదటి ఏడు పిల్లకు గౌరవం పుడుతుంది కానీ నమ్మకం పుట్టదు. నిరుడు తనలాగే తడబడి, ఇవాళ కుదురుగా చేస్తున్న రెండో ఏడు అక్కను పక్కన నిలబెడితే పుడుతుంది. నాలుగోదానికి ఒక చిన్న మాట చాలు. మొదటి ఇంజెక్షన్‌కు గుండె దడదడలాడటం అందరికీ సహజమని, అది చేతకానితనానికి గుర్తు కాదని ముందే చెప్పి పంపండి.

ప్రశ్నావళి గురించి గట్టిగానే చెబుతాను. ఒత్తిడిని కొలవడానికి ఎక్కువగా వాడే షెల్డన్ కోహెన్ బృందం 1983 నాటి స్కేలు "గడిచిన నెల రోజుల్లో" అని అడుగుతుంది. ఉదయం ఒకసారి నింపి సాయంత్రం మళ్ళీ నింపితే ఆ నెల రోజులు మారిపోవు కదా! మారినట్టు కనబడితే అది శిక్షణ ఫలితం కాదు, ట్యూటర్ గారిని నొప్పించకూడదన్న మర్యాద. భావోద్వేగ ప్రజ్ఞను ఎవరికి వారు కొలుచుకునే ప్రశ్నలతో ఇంకో చిక్కుంది. అది కొరవడినవారికి కొరవడిందన్న సంగతి తెలియదు. ప్రజ్ఞ మార్కులు ఎక్కువ ఉన్నవారికి ఒత్తిడి తక్కువని తేలినా, ఏది దేనికి కారణమో ఆ ఒక్కసారి సర్వే చెప్పలేదు. నివేదిక తప్పనిసరైతే, పేర్లు రాయించకుండా, పనిని పట్టి అడగండి. "బీపీ శబ్దం వినబడకపోతే ఆ మాట స్టాఫ్‌తో చెప్పగలవా?" అన్న ప్రశ్నను పోస్టింగ్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అడిగితే మీకు పనికివచ్చే జవాబు వస్తుంది.

ఇంకొకటి మరచిపోకూడదు. వారాల తరబడి నిద్రాహారాలు లేకపోవడం, హాస్టల్ గది దాటి రాకపోవడం, బతకాలని లేదన్న మాట నోట రావడం వార్డు భయం కిందికి రావు. వాటికి శిక్షణ తరగతులు కాదు, చికిత్స కావాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. హాస్టల్ నోటీసు బోర్డు మీద ఆ నంబరు రాసిపెట్టించండి.

జవాబు 4: ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న తెలుగు నర్సు

నేను బీఎస్సీ మన దగ్గరే చదివి, కొన్నాళ్లు పనిచేసి ఇక్కడికి వచ్చాను. ఇక్కడంతా సజావుగా ఉంటుందని చెప్పను. సిబ్బంది కొరత ఇక్కడా ఉంది, ఏడ్చే స్టూడెంట్లు ఇక్కడా ఉన్నారు. కానీ మీ సమస్యకు సరిగ్గా సంబంధించిన ఏర్పాటు ఒకటి ఉంది.

ఇక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2018లో తెచ్చిన ప్రమాణాల ప్రకారం, వార్డులో విద్యార్థికి పని నేర్పే సూపర్‌వైజర్ వేరు, ఉత్తీర్ణతను నిర్ణయించే అసెసర్ వేరు. ఒకే విద్యార్థికి ఒకే మనిషి ఆ రెండు పాత్రలూ పోషించకూడదు. పోస్టింగ్‌లో ఉన్న విద్యార్థిని సిబ్బంది లెక్కలోకి తీసుకోకూడదన్న నియమం కూడా ఉంది. మన దగ్గర నేర్పే మేడమే ఇంటర్నల్ మార్కులు వేస్తారు. తెలియదని చెబితే మార్కు పోతుందన్న లెక్క పిల్లలకు మొదటి వారంలోనే అర్థమవుతుంది. అటువంటప్పుడు "వినబడలేదు" అని చెప్పకపోవడం ఆత్మవిశ్వాస లోపమా, లోకజ్ఞానమా?

ఆసుపత్రి బృందాల మీద ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990లలో చేసిన అధ్యయనం ఒకటుంది. మంచి బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె ఊహిస్తే, లెక్కల్లో ఎక్కువ కనబడ్డాయి. తరచి చూస్తే, ఆ బృందాలు పొరపాటును దాచకుండా చెప్పుకోగలుగుతున్నాయని తేలింది. మీ వార్డు చార్టులో ఒక్క అనుమానపు గుర్తు కూడా లేకుండా అన్నీ నిండి ఉంటే సంతోషించకండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. వైవాను మంచం దగ్గరి నుంచి నర్సుల గదికి మార్చడం, ఇద్దరు పేషెంట్ల పద్ధతి, రెండో ఏడు వారిని పక్కన నిలబెట్టడం, ఈ మూడూ నా చేతిలో ఉన్నవే కాబట్టి ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెడతాను. పోస్టింగ్ ముగిశాక వారానికొకసారి పిల్లలను కూర్చోబెట్టి, ఆ వారం మనసును పట్టుకున్న పేషెంట్ గురించి చెప్పించాలని కూడా అనుకుంటున్నాను. బ్రదర్ గారు రాసింది చదివాక అది వాయిదా వేయదగినదిగా అనిపించలేదు. ట్రైనర్ రోజును రద్దు చేయించలేకపోయినా, ఆ రోజులో సగం సెలైన్ బాటిల్ లాంటి సన్నివేశాలు ఆడించడానికి ఇమ్మని అడుగుతాను.

తేలనిది మార్కుల సంగతి. మా దగ్గర నేర్పడానికి, మార్కులు వేయడానికి వేర్వేరు మనుషులు లేరు. సిస్టర్ గారూ, మీ వార్డుకు వచ్చే కళాశాలల్లో ఎవరైనా దీనికి మార్గం కనుక్కున్నారా?

జవాబు: మెడికల్ వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్

మనుషులను విడదీయలేకపోతే రోజులను విడదీయండి మేడమ్. మా వార్డుకు వచ్చే ఒక కళాశాల ట్యూటర్ గారు అదే చేస్తున్నారు. పోస్టింగ్‌లో మొదటి భాగమంతా నేర్చుకునే రోజులు, వాటికి మార్కులు లేవు. చివరి కొన్ని రోజులే పరీక్ష, ఆ తేదీలు పిల్లలకు ముందే తెలుసు. నేర్చుకునే రోజుల్లో వాళ్లు వైటల్స్ రాసేది వార్డు చార్టులో కాదు, తమ సొంత కాగితం మీద. వినబడనిచోట అడ్డగీత పెట్టి నన్నో, డ్యూటీ సిస్టర్‌నో పిలవాలి. మేము టీచింగ్ స్టెతస్కోపుతో, ఆ పిల్లా మేమూ ఒకేసారి విని, సరిచూసిన అంకెనే చార్టుకు ఎక్కిస్తాము. అటువంటి స్టెతస్కోపు మీ స్కిల్ ల్యాబ్ బీరువాలో ఉండే ఉంటుంది. ఒక ట్యూబుకు రెండు జతల చెవి గొట్టాలుంటాయి. వార్డుకు దాన్ని పంపండి. అడ్డగీత పెట్టినందుకు ఎవరినీ ఏమీ అనవద్దని మీ ఇతర ట్యూటర్లకు కూడా గట్టిగా చెప్పండి, ఒక్కరు మందలించినా మర్నాటి నుంచి మళ్ళీ అంతటా 120/80 వస్తుంది.